కూలిన కెర్నెల్‌ని ల్యాబ్‌లోకి రానివ్వండి

కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

సత్తెనపల్లి,
పల్నాడు జిల్లా.

ఉపకులపతి గారికి,

ఈ చుట్టుపక్కల కాలేజీల్లో, ఆఫీసుల్లో సర్వర్లు, ల్యాబులు చూసుకోవడం నా వృత్తి. మీ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కాలేజీల పిల్లలు మా దగ్గరికి ప్రాజెక్టుల కోసమని, ఉద్యోగాల కోసమని వస్తుంటారు. వాళ్లను చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం, పేజీ రీప్లేస్‌మెంట్. సీ భాషలో ప్రోగ్రాం రాయడం, నాలుగు అంకెలిచ్చి అవుట్‌పుట్ తెప్పించడం, దాన్ని రికార్డులోకి ఎక్కించడం, ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు వైవాలో డెడ్‌లాక్‌కి కావలసిన నాలుగు షరతులు అప్పజెప్పడం. ఆ ప్రోగ్రాములన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ గురించే మాట్లాడతాయి గానీ ఒక్కటీ దాని ఒంటి మీద చెయ్యి వెయ్యదు. విద్యార్థి తప్పు రాస్తే వాడి ప్రోగ్రాం చస్తుంది, కింద కెర్నెల్ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. అలా నాలుగేళ్లు గడిచాక, నిజంగా ఒక కెర్నెల్ కూలి తెర నిండా అక్షరాలు పడితే, బీటెక్ పట్టా ఉన్న కుర్రాడు కూడా చేసేది పవర్ బటన్ నొక్కి పట్టుకోవడమే.

కాబట్టి నా విన్నపం ఇది. ఆ ప్రయోగాల జాబితాలో ఒకదాన్ని తగ్గించి, దాని బదులు ఒక కొత్త ప్రయోగం పెట్టండి: నెట్‌వర్కు మీది ఫైలు చెరిపినప్పుడు కూలిపోయే కెర్నెల్‌ని విద్యార్థి చేత పోస్టుమార్టం చేయించడం. ఇన్ని రకాల కూలడాలుండగా ఇదే ఎందుకంటారా? అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2007 ప్రాంతంలో మా వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లినక్స్ ల్యాబ్ ఉండేది. పిల్లల హోం డైరెక్టరీలన్నీ ఒకే సర్వరు మీద. లాగిన్ అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) ద్వారా మౌంట్ అయ్యేది, లాగౌట్ కాగానే ఒక స్క్రిప్టు ఆ మౌంట్ తీసేసేది. సర్వరు డిస్కు చిన్నది, తలా ఒకరికి ఇచ్చిన కోటా ఇంకా చిన్నది. కోటా నిండిందని తెర మీద పడితే పిల్లలు చేసే పని ఒకటే: ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉండగానే దాని క్యాషె ఫోల్డరు మొత్తం చెరిపేయడం, లాగౌట్ కొట్టి బస్సుకి పరిగెత్తడం. వాళ్లు గుమ్మం దాటీ దాటకముందే మిషను బిగుసుకుపోయేది.

"ఏంది సార్ ఇది, ఐదు సెకన్లలో పేలుద్దంట!" అని ఒక కుర్రాడు కేకేశాడు. కన్సోలు మీద నిజంగానే అలా ఉంది. అన్‌మౌంట్ అయ్యాక కూడా ఇనోడ్‌లు వాడకంలో ఉన్నాయి, ఐదు సెకన్లలో నన్ను నేను పేల్చుకుంటాను, ఈ రోజు మీకు హాయిగా గడవాలి: అప్పటి లినక్స్ కెర్నెల్ ఆ పరిస్థితి వస్తే ఇంగ్లిషులో ఈ అర్థమొచ్చే వాక్యమే అచ్చేసేది. రాసినవాళ్ల వెటకారం తప్ప అక్కడ పేలేదేమీ లేదు. పిల్లలు మాత్రం వైరస్ అని తీర్మానించేశారు.

పెద్దవాళ్లు తీర్మానించినవి ఇంకా ఉన్నాయి. మిషన్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఒకరు మార్పించారు. ర్యామ్ పీకి, కాళ్లు రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చారు. ఫార్మాట్ కొట్టారు. ఎండలు మండుతున్నాయి, పక్కనే రెంటచింతల, మిషన్లు తట్టుకోలేకపోతున్నాయని కూడా అన్నారు. ఏ మందు వేసినా ఒకటి రెండు రోజులు తగ్గినట్టే కనిపించేది, అదే అసలు చిక్కు. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే జబ్బుకి ప్రతి వైద్యుడూ గొప్పవాడే.

గమనించాల్సింది ఒకటి కళ్ల ముందే ఉంది. గోడ పక్కన ఉన్న వరసే ఎక్కువగా కూలేది. ఆ వరసకు పాత హబ్ ఉంది, మిగతా వరసలు కొత్త స్విచ్‌కి కలిపి ఉన్నాయి. అన్ని మిషన్లలోనూ ఒకే ఇన్‌స్టలేషన్, ఒకే కెర్నెల్. ఎండ వరసల్ని చూసి కొట్టదు కదా.

ఇక్కడ పాఠ్యపుస్తకం అవసరమవుతుంది. యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. డైరెక్టరీలో పేరూ, దాని పక్కన ఇనోడ్ నంబరూ ఉంటాయి. చెరపమంటే కెర్నెల్ ఆ పేరును డైరెక్టరీ నుంచి తీసేస్తుంది. ఆ ఇనోడ్‌కి వేరే పేర్లు లేకుండా, తెరిచి పట్టుకున్నవాళ్లూ లేకుండా పోయినప్పుడే డేటా పోతుంది. మా మిర్చి రైతుకి చెప్పాలంటే కోల్డ్ స్టోరేజీ లెక్క: రిజిస్టరులో పేరు కొట్టేసినా, ఆ టిక్కీల మీద బ్యాంకు అప్పు తీరేదాకా సరుకు గడప దాటదు.

ఒకే మిషన్లో ఈ లెక్కతో పేచీ లేదు. ఎవరు ఏది తెరిచారో ఆ కెర్నెల్‌కే తెలుసు. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చినప్పుడు, ఏ క్లయింటు ఏ ఫైలు తెరిచిందో సర్వరు గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా దాన్ని కట్టింది. కరెంటు పోయి సర్వరు మళ్లీ లేచినా క్లయింట్లు ఏమీ జరగనట్టు పని కొనసాగించుకోవచ్చు. కరెంటు కోతల రోజుల్లో ల్యాబులు నడిపినవాడిని గనక ఆ ఆలోచనకి దండం పెడతాను. కాకపోతే దాని బాకీ చెరిపేటప్పుడు తీర్చాలి. తెరిచి ఉన్న ఫైలుని చెరపమని క్లయింటు అడిగితే, తెరిచి ఉన్న సంగతి తెలియని సర్వరు నిజంగానే చెరిపేస్తుంది. చదువుతున్న ప్రోగ్రాం నోట్లో మట్టి పడుతుంది. అందుకని క్లయింటు ఒక కిటుకు చేస్తుంది. చెరపకుండా పేరు మార్చి పెడుతుంది: ముందు చుక్క, ఎన్‌ఎఫ్‌ఎస్ అనే మూడక్షరాలు, వెనక పొడుగాటి హెక్సా అంకెలు. ప్రోగ్రాం ఫైలు మూశాక, ఆ మారుపేరు ఫైలుని చెరిపేయమని సర్వరుకి కబురు పంపుతుంది. కెర్నెల్ రాసేవాళ్లు దీనికి పెట్టుకున్న పేరు సిల్లీ రినేమ్. మీ కాలేజీల్లో ల్యాబ్ చూసుకునేవాళ్లలో ఈ చుక్క ఫైళ్లను చెరపబోయి, 'బిజీ' అని తిట్టించుకుని జుట్టు పీక్కున్నవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఆ ఆఖరి కబురు పంపాక కెర్నెల్ జవాబు కోసం కాచుకుని కూర్చోదు. జవాబు వస్తే ఏం చెయ్యాలో ఒక ఫంక్షనుకి అప్పగించి తన దారిన పోతుంది. ఇప్పుడు మా ల్యాబ్‌కి రండి. ఫైర్‌ఫాక్స్ మూతపడింది. చెరపమన్న కబుర్లు తీగ మీద ఉన్నాయి. ఈలోగా లాగౌట్ స్క్రిప్టు అన్‌మౌంట్ చెయ్యమంది. తెరిచి ఉన్న ఫైలు ఒక్కటీ లేదు గనక కెర్నెల్ సరేనంది, ఆ మౌంట్‌కి మూలమైన సూపర్‌బ్లాక్‌ని కూల్చేసి, ఆ మెమరీని విడుదల చేసేసింది. అప్పుడు వచ్చింది సర్వరు జవాబు, చెరిపేశానని. అందుకున్న ఫంక్షను, తను పట్టుకుని ఉన్న డైరెక్టరీ ఇనోడ్‌ని వదిలిపెట్టబోయి, దాని వెంట సూపర్‌బ్లాక్ దగ్గరికి వెళ్లింది. అక్కడ సూపర్‌బ్లాక్ లేదు. ఆ చోట ఇంకెవరిదో సరుకు ఉంది.

కొత్త స్విచ్ మీద జవాబు అన్‌మౌంట్ కంటే ముందే వచ్చేస్తుంది, ఏమీ కాదు. పాత హబ్ మీద పది మంది ఒకేసారి లాగౌట్ అయితే జవాబు ఆలస్యమవుతుంది. గోడ పక్క వరస చేసిన పాపం అంతే.

తెర మీది అక్షరాల్లో ఇదంతా రాసి ఉంది, చదవడం వస్తే. ఊప్స్ అని కెర్నెల్ వదిలే ఆ నివేదికని అబ్జర్వేషన్ పుస్తకంలో చేత్తో ఎక్కించుకున్నాం. అప్పుడు నడుస్తున్న ప్రాసెస్ ఏదని చూస్తే ఫైర్‌ఫాక్స్ కాదు, అన్‌మౌంట్ కూడా కాదు. నెట్‌వర్కు జవాబులు అందుకునే ఆర్‌పీసీఐఓడీ అనే కెర్నెల్ థ్రెడ్. కాల్ ట్రేస్‌ని కింది నుంచి పైకి చదవాలి. చదివితే దారిలో ఎన్‌ఎఫ్‌ఎస్_అసింక్_అన్‌లింక్_రిలీజ్ తగిలింది, అన్‌లింక్ అంటే చెరపడమే. చెరపడానికీ కూలడానికీ సంబంధం ఉందని మొదటిసారి రుజువైంది అక్కడే. మెమరీ కేటాయింపుల మీద నిఘా పెట్టి కట్టిన కెర్నెల్ వేస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. విడిచిపెట్టిన మెమరీని అది 6బి అనే బైటుతో నింపుతుంది. రిజిస్టర్లలో 6బి6బి6బి6బి అని కనిపించిందంటే, ఎవరో చచ్చినవాడి చిరునామాకి వెళ్లారని అర్థం. కూలిన చోట కనిపించే పేరు ఆర్‌పీసీఐఓడీది, తొందరపడింది అన్‌మౌంట్. ఈ రెండింటి మధ్య దూరం చూడటమే కెర్నెల్ డీబగ్గింగ్‌లో కష్టమైన భాగం, రుచి ఉన్న భాగం కూడా అదే.

మరమ్మతు మేం చెయ్యలేదు. రెడ్ హ్యాట్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ పని చూసే స్టీవ్ డిక్సన్ 2007 చివర్లో దీనికి ప్యాచ్ రాశారు, సిల్లీ రినేమ్ పనులూ అన్‌మౌంటూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా. క్లయింటు తన దగ్గర ఒక లెక్క పెట్టుకుంటుంది. జవాబు కోసం వదిలిపెట్టిన పని మొదలైతే ఒకటి పెంచుతుంది, ముగిస్తే ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయ్యేదాకా అన్‌మౌంట్‌ని ఆపుతుంది. చూస్తే చిన్నదే. కొత్త కెర్నెల్ వేశాక గోడ పక్క వరస కుదుటపడింది. కాలేజీలో మాత్రం ఎస్‌ఎంపీఎస్ మార్చినాయనకే పేరొచ్చింది.

ఉపకులపతి గారూ, ఇందులో మీ సిలబస్ ఎంత ఉందో చూడండి. ఫైల్ సిస్టమ్ యూనిట్ ఉంది, మెమరీ యూనిట్ ఉంది, సింక్రనైజేషన్ యూనిట్ ఉంది, పక్క సబ్జెక్టయిన కంప్యూటర్ నెట్‌వర్క్స్ కూడా ఉంది. రేస్ కండిషన్ అంటే రెండు థ్రెడ్లు ఒకే అంకెకి ఒకటి కలపడమని బోర్డు మీద చెబితే పిల్లలు తలూపుతారు, పరీక్షలో రాస్తారు, మర్చిపోతారు. లాగౌట్ కొట్టిన అర నిమిషానికి చచ్చే మిషను మరుపు రాదు.

పరికరాలకి డబ్బు అడుగుతానేమోనని భయపడకండి. ల్యాబ్‌లో ఉన్న మిషన్లే చాలు. ఒక్కో మిషన్లో క్యూఈఎంయూతో రెండు వర్చువల్ మిషన్లు, ఒకటి ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు, ఇంకొకటి క్లయింటు. క్లయింటు కెర్నెల్ సోర్సులో ఎన్‌ఎఫ్‌ఎస్ అన్‌లింక్ ఫైలు తెరిచి, సూపర్‌బ్లాక్‌ని పట్టి ఉంచే వరుసా దాన్ని వదిలే వరుసా విద్యార్థి చేతనే తీయించాలి. కేఏశాన్ పెట్టి కంపైల్ చెయ్యాలి. విడుదలైన మెమరీని ఎవరు ముట్టుకున్నా పట్టిచ్చే ఈ పనిముట్టు 2015లో వచ్చిన 4.0 నుంచి లినక్స్‌లో ఉంది. మొదటి కంపైల్‌కి ఓపిక కావాలి, తర్వాత మార్చిన ఫైలు వరకే అవుతుంది. సర్వరు వైపు నెట్ఎమ్ పెట్టి జవాబులు ఆలస్యం చెయ్యాలి, అంటే మా పాత హబ్‌ని సాఫ్ట్‌వేర్‌లో తయారు చెయ్యడమన్నమాట. ఇక ఫైలు తెరిచి, చెరిపి, మూసి, వెంటనే అన్‌మౌంట్. ఒకసారి కూలుతుంది, ఒకసారి హెచ్చరికతో సరిపెడుతుంది, ఒకసారి ఏమీ కాదు. ఏమీ కానప్పుడు ఎందుకు కాలేదో కూడా రికార్డులో రాయమనండి.

రికార్డు అన్నాను గనక ఇంకో లాభం చెబుతాను. ఈ ప్రయోగం రికార్డుని సీనియర్ దగ్గర తెచ్చి కాపీ కొట్టడం కుదరదు. ఇప్పటి కెర్నెల్ బూట్ అయిన ప్రతిసారీ మెమరీలో వేరే చోట కూర్చుంటుంది. చిరునామాలు ఏ ఇద్దరివీ కలవవు, ఒకడివే రెండు రోజులు కలవవు. ఎక్స్‌టర్నల్ ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే చాలు, చేసినవాడెవడో తేలిపోతుంది.

పోస్టుమార్టానికి కావలసిన సరంజామాలో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. కెర్నెల్ చచ్చే క్షణంలో, ముందే పక్కన పెట్టి ఉంచిన కొద్ది మెమరీలోంచి ఇంకో చిన్న కెర్నెల్ లేచి, చచ్చినదాని మెమరీ మొత్తాన్ని ఫైలుగా భద్రపరిచే పద్ధతిని కేడంప్ అంటారు. 2005లో ఒట్టావా లినక్స్ సింపోజియంలో దీని మీద వచ్చిన పత్రానికి రచయితలు వివేక్ గోయల్, ఎరిక్ బీడర్‌మన్, హరిప్రసాద్ నెల్లితీర్థ. వీళ్లలో గోయల్, నెల్లితీర్థ ఐబీఎం ఇండియా ఇంజనీర్లు. ఆ ఏడే అది ప్రధాన కెర్నెల్‌లోకి ఎక్కింది. ఇప్పుడు పెద్ద పెద్ద డేటా సెంటర్లలో కూలిన సర్వర్ల కారణాలు దానితోనే వెతుకుతున్నారు. మా పిల్లల్లో ఆ పేరు విన్నవాళ్లు నాకు తగల్లేదు.

కంపెనీలు జావా, పైథాన్ అడుగుతాయి గానీ ఇవన్నీ అడగవని ప్లేస్‌మెంట్ వాళ్లు అంటారు. ఇంటర్వ్యూ మాట వరకు నిజమే. కానీ 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్ ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ మిషన్లను నీలి తెరతో నిలబెట్టేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కారణం తవ్వితే, కెర్నెల్‌లో నడిచే కోడ్ 21వ గడి చదవబోయింది, దానికి ఇచ్చినవి 20 గడులే. ఆ రోజు జావా వచ్చినవాళ్లు వరసల్లో నిలబడ్డారు.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇవన్నీ అదే చూసుకుంటుందనేవాళ్లు రెండో రకం. చూస్తోంది కూడా. 2025 మే నెలలో షాన్ హీలన్ అనే పరిశోధకుడు ఓపెన్‌ఏఐ వారి ఓ3 మోడల్‌తో లినక్స్ కెర్నెల్‌లో ఉండే ఎస్‌ఎంబీ ఫైల్ సర్వరు కేఎస్‌ఎంబీడీలో లోపం పట్టానని ప్రకటించారు. లాగాఫ్ సమయంలో ఒక థ్రెడ్ విడుదల చేసిన వస్తువుని ఇంకో థ్రెడ్ వాడుకునే వీలుందని. మా గోడ పక్క వరస జబ్బుకి దగ్గరి చుట్టమే, పదిహేడేళ్లు దాటాక, వేరే ప్రోటోకాల్‌లో. యంత్రం చెప్పినదాంట్లో ఏది నిజం, ఏది తప్పు అని తేల్చినవాడు మనిషి. తేల్చగలిగాడంటే అంతకు ముందు అలాంటివి చదివి ఉన్నాడు గనక. చదవడం నేర్పకుండా యంత్రాన్ని చేతికిస్తే మన పిల్లలు అది చెప్పిన ఎస్‌ఎంపీఎస్ మారుస్తారు.

అసలు అడ్డంకి అధ్యాపకులని నాకు తెలుసు. వాళ్లని తప్పుపట్టడం లేదు. వాళ్లకీ ఎవరూ చూపించలేదు. ఎఫ్‌డీపీల (అధ్యాపక శిక్షణ కార్యక్రమాల) పేరుతో వారం రోజులు పీపీటీలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకునే బదులు, ఒకసారి వాళ్ల చేత కెర్నెల్ కూల్పించండి. నరసరావుపేటలో 2016 నుంచి మీ విశ్వవిద్యాలయం సొంత ఇంజనీరింగ్ కాలేజీ నడుస్తోంది. ముందు అక్కడ ఒక బ్యాచ్‌తో చేసి చూడండి, కుదిరితేనే మిగతా కాలేజీలకి ఇవ్వండి.

ఇంకో చిన్న కోరిక. పోస్టుమార్టం నివేదికని తెలుగులో రాస్తానన్న విద్యార్థికి అడ్డు చెప్పొద్దని పరీక్షకులకు ఒక మాట చెప్పండి. ఇది మా ఊరి హక్కు అనుకోండి. సత్తెనపల్లి నుంచి నాలుగు దఫాలు శాసనసభకు వెళ్లిన వావిలాల గోపాలకృష్ణయ్య గారే 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులు. నేను చూసినంతలో, ఇంగ్లిషులో రాయమంటే పిల్లలు మిషను పేరు, కెర్నెల్ వెర్షను, తెర మీది అక్షరాలు మక్కికి మక్కి దించుతారు. ఏం జరిగిందో నోటితో చెప్పమంటే తెలుగులో ముందు ఏది, తర్వాత ఏది అని వరసగా చెప్పేస్తారు. రేస్ కండిషన్‌కి కావలసింది ఆ ముందువెనకలే. ఫంక్షన్ల పేర్లు ఎలాగూ మారవు, వాటిని అలాగే ఉంచి మిగతా కథ తెలుగులో రాయనివ్వండి.

వర్చువల్ మిషన్ల డిస్కు ఇమేజీలు, సోర్సులో తీయాల్సిన వరుసల వివరం, ఆలస్యం పెట్టే ఆదేశాలు, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఏ కాలేజీ అడిగితే ఆ కాలేజీకి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. రుసుము ఏమీ లేదు. పాఠ్య సంఘం వారు ఎవరినైనా పంపితే వాళ్ల ఎదుటే కూల్చి చూపిస్తాను. మొదటిసారే కూలుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. ల్యాబ్ మాన్యువల్ మళ్లీ అచ్చుకి వెళ్లేలోపు ఈ విన్నపం మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందుకు వచ్చేలా చూడగలరు.

భవదీయుడు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
సత్తెనపల్లి